పెళ్ళి వంటల మేస్త్రీలని కాలేజీ కిచెన్‌లోకి పిలవండి

సంపాదకులు గారికి నమస్కారం అండి.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక ప్రతి ఏడూ మీ పేపర్లో హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సుల గురించి వేస్తుంటారు, ఎంట్రన్స్ ఎప్పుడు, ఫీజు ఎంత, హైదరాబాద్‌లో ఐహెచ్ఎం అనే హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ, తిరుపతిలో వంటలు నేర్పే కలినరీ ఇన్‌స్టిట్యూట్, ఇవన్నీ. అలాంటి పేజీ చూసే నేనూ ఈ లైన్లోకి వచ్చా. కానీ లోపలికెళ్ళాక ఏం నేర్పుతారు, ఏం వదిలేస్తారు అన్నది ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

మాది కోనసీమ. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో మూడేళ్ళు చదివి ఇప్పుడు ఒక హోటల్లో కమీగా, అంటే షెఫ్ కింద జూనియర్ కుక్‌గా, చేస్తున్నా. నాకు నేర్పిన షెఫ్‌లంటే చాలా గౌరవం, చాకు ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి వాళ్ళే నేర్పారు. ఫస్టియర్లో ఫ్రెంచ్ మదర్ సాస్‌లు, అంటే మిగతా సాస్‌లకి మూలమైనవి, ఐదూ నోటికొచ్చేదాకా చేయించారు. వాటిలో ఒకటైన బెషమెల్ అనే తెల్ల సాస్‌కి వెన్నా మైదా సమానంగా తూచి, రంగు మారకుండా పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొంచెం కొంచెం పోస్తూ ఉండ కట్టకుండా తిప్పాలి, గరిటె వెనకాల వేలితో గీత గీస్తే ఆ గీత అట్లాగే నిలబడాలి, కలిసిపోతే మళ్ళీ కాసేపు మరిగించమనేవాళ్ళు. ఆ పట్టుదలే మన వంట మీద కూడా ఉంటుందనుకున్నా. ఆంధ్రా మెనూ అని మొత్తం మూడేళ్ళలో రెండే ప్రాక్టికల్స్ అండి, పులిహోర, గోంగూర మాంసం చేయించి రికార్డులో సంతకం పెట్టేశారు. పచ్చిపులుసు, సర్వపిండి పేర్లు కూడా ఎత్తలేదు, హైదరాబాద్‌లో ఉండి!

దాని ఫలితం నాకు ఉద్యోగంలో తెలిసొచ్చింది. హోటల్లో తెలుగు ఫుడ్ ఫెస్టివల్ పెట్టి, తెలుగోడివి కదా అని పనసపొట్టు కూర నాకిచ్చారు. పొట్టు ఉడికించి, తాలింపేసి, చింతపండు రసం పోసి, ఆవ ముద్ద తీసుకెళ్ళి పొయ్యి మీద మరుగుతున్న కూరలో కలిపేశా. రెండు నిమిషాల్లో ఘాటంతా పోయి చేదు మిగిలింది. ట్రే మొత్తం పారబోయాల్సొచ్చింది, ఆ రోజు ఏడ్చా కూడా.

రాత్రి మా మామయ్యకి ఫోన్ చేశా. ఆయన పెళ్ళి వంటల మేస్త్రి, పదో తరగతి తప్పారు, గాడిపొయ్యి మీద గుండిగలు పెట్టి వెయ్యి మందికి వండుతారు. "పొయ్యి దింపి, గిన్నె మీద చెయ్యి పెడితే ఓర్చుకునేంత చల్లారాక కలపాలిరా, ఆవకి వేడి పడదు" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, కాలేజీలో మస్టర్డ్ సాస్ చేయించినప్పుడు మా షెఫ్ కూడా ఇదే చెప్పారు, మస్టర్డ్ ఆఖర్నే వెయ్యాలి, వేశాక మరగనివ్వకూడదని. ఆవాలు నీళ్ళు పోసి నూరితేనే ఘాటు పుడుతుంది, ఆ ఘాటు పుట్టించే ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది. రెండు చోట్లా ఒకటే సూత్రం, కానీ ఈ రెండూ ఒకటేనని నాకు చెప్పినవాళ్ళు లేరు, ఎందుకంటే మా మామయ్య లాంటాయన ఆ కిచెన్ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు.

మనవాళ్ళకి కొలతలుండవు, అంతా ఉజ్జాయింపే అంటుంటారు, ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. తిరుమల పోటులో, అంటే గుడి వంటశాలలో, 5,100 లడ్డూలకి శనగపిండి ఎంత, నెయ్యి ఎంత, చక్కెర ఎంత అని దిట్టం, అంటే ఖాయం చేసిన కొలత, ఉంటుంది, కాలేజీలో స్టాండర్డ్ రెసిపీ అని ఇంగ్లీషులో నేర్పేది ఇదే కదండీ. మామయ్య కూడా ఇన్ని విస్తళ్ళకి ఇంత అని సామాన్ల లిస్టు పది నిమిషాల్లో రాయించేస్తారు, పెద్దగా మిగలదు, చాలకపోవడం నేనైతే చూళ్ళేదు. కాకపోతే ఆ లెక్క ఆయన బుర్రలోనే ఉంది. ఆయన కొడుకు సెల్ ఫోన్ షాపు పెట్టుకున్నాడు, ఊళ్ళో పెళ్ళిళ్ళు చాలా వరకు కేటరింగ్ కాంట్రాక్టర్లకి వెళ్ళిపోతున్నాయి. ఇంకో పదేళ్ళకి అడుగుదామన్నా చెప్పేవాళ్ళు ఉంటారో లేదో.

కాలేజీలవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. ఏడాదికి ఒక వారం ఇలాంటి మేస్త్రీని పిలవండి, ఒకసారి గోదావరి జిల్లాల నుంచి, ఒకసారి వరంగల్ వైపు నుంచి, ఇంకోసారి రాయలసీమ నుంచి. డిగ్రీ లేదు కాబట్టి ఫ్యాకల్టీగా తీసుకోలేకపోవచ్చు, గెస్ట్‌గా పిలవడానికి ఏం అడ్డం? బయట్నుంచొచ్చే షెఫ్‌కి ఇచ్చే డబ్బే వీళ్ళకీ ఇవ్వండి, షెఫ్ కోటు వేసి పిల్లల ముందు నిలబెట్టండి, ఆయన చేస్తుంటే పిల్లలు పక్కనే తూచి గ్రాముల్లో రాసుకుంటారు, దానికి ప్రాక్టికల్ మార్కులు పెట్టండి. అప్పుడు పిల్లలే సీరియస్‌గా తీసుకుంటారు.

టైం కూడా కుదురుతుందండి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, వంట మేస్త్రీలు ఆ నెలంతా పని లేక ఇంట్లోనే ఉంటారు, ఇంచుమించు అప్పుడే కాలేజీలు తెరుస్తారు. మామయ్యని అడిగా, పిలిస్తే వస్తానన్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్