పొక్కులొచ్చిన పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి

తల్లిదండ్రులకు నమస్కారం.

రెండు వారాల క్రితం, మధ్యాహ్నం భోజనాల దగ్గర మా యూకేజీ పాప ఒకరు పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక అలాగే కూర్చుండిపోయింది. చొంగ కారి గౌను మెడ దగ్గరంతా తడిసింది. ఆయమ్మ దగ్గరికెళ్లి అరచెయ్యి తిప్పి చూస్తే ఎర్రటి మచ్చలు, వాటి మధ్యలో సన్నని నీటి పొక్కులు. పొద్దున్నుంచీ పాప డల్‌గానే ఉంది. మేం ముందే గమనించాల్సింది. డాక్టరుగారు చూసి హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ డిసీజ్ అన్నారు. ఆ తర్వాత నర్సరీ, యూకేజీల్లో ఇంకో నలుగురికి వచ్చింది.

2022లో కేరళలో టమాటా ఫ్లూ అని టీవీల్లో హడావుడి జరిగింది గుర్తుందా? అక్కడి పిల్లల నమూనాలు పరీక్షిస్తే చాలావరకు తేలింది ఈ జబ్బే. ఎక్కువగా అయిదేళ్లలోపు వాళ్లకు వస్తుంది. ముందు ఒకటి రెండు రోజులు జ్వరం, గొంతు నొప్పి. తర్వాత నాలుక మీద, బుగ్గల లోపల పుండ్లు, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు. పిర్రల మీద, మోకాళ్ల దగ్గర కూడా రావచ్చు.

చాలా ఇళ్లలో దీన్ని చూడగానే అమ్మవారు పోసిందనుకుంటున్నారు. ఆటలమ్మ అయితే పొక్కులు ఎక్కువగా ఛాతీ, పొట్ట, వీపు మీద వస్తాయి, బాగా దురద పెడతాయి. ఇది వేరే వైరస్. ఆటలమ్మ టీకా వేయించినా ఇది రావచ్చు. ఒక తాతగారు పశువుల గాలికుంటు ఇదేనా, ఆవు పాలు మానేయాలా అని అడిగారు. అదీ ఇదీ ఒకటి కాదు, పాలు నిశ్చింతగా ఇవ్వండి.

యాంటీబయాటిక్ దీనికి పనిచేయదు. వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. జ్వరానికీ నొప్పికీ డాక్టరు బిడ్డ బరువును బట్టి చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకండి. అసలు కష్టం నోటి దగ్గరే. మంట వల్ల పిల్లలు నీళ్లు కూడా తాగరు. చారు, ఆవకాయ, బత్తాయి రసం కొన్నాళ్లు పక్కన పెట్టండి. చల్లటి పెరుగన్నం, పల్చటి మజ్జిగ, చల్లార్చిన సగ్గుబియ్యం జావ, కొబ్బరి నీళ్లు స్పూనుతో కొద్దికొద్దిగా పట్టండి. ఐస్‌క్రీమ్ అడిగితే పెట్టండి, నొప్పి తగ్గి రెండు ముద్దలు తింటారు.

ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, నిద్రలో మాటిమాటికీ ఉలిక్కిపడుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఆయాసపడుతున్నా ఆలస్యం చేయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇలా జరగడం అరుదే. కానీ జరిగినప్పుడు గంటలు కూడా ముఖ్యమే. తగ్గిన కొన్ని వారాలకు గోళ్లు ఊడితే మాత్రం కంగారు పడకండి, మళ్లీ వస్తాయి.

చొంగ, చీమిడి, పొక్కుల్లోని నీరు, మలం, వీటి ద్వారా ఇది అంటుకుంటుంది. పొక్కులు మానాక కూడా మలంలో వైరస్ కొన్ని వారాలు ఉంటుంది. శానిటైజర్‌కు ఇది అంతగా లొంగదు, సబ్బుతో రుద్ది కడగాల్సిందే. అందుకే నర్సరీ కుళాయిల దగ్గర సబ్బులు పెట్టించాం. బొమ్మలు, బల్లలు రోజూ బ్లీచింగ్ నీళ్లతో తుడిపిస్తున్నాం. ఇంట్లో గ్లాసు, తువ్వాలు బిడ్డకు విడిగా ఉంచండి.

ఒక్కటి బతిమాలి అడుగుతున్నాను. పొద్దున సిరప్ పోసి, జ్వరం దిగగానే బస్సెక్కించకండి. ఉద్యోగాలకు సెలవు దొరకదని నాకు తెలుసు. అయినా మందు లేకుండా జ్వరం తగ్గి ఒక రోజు గడిచి, పొక్కులు ఎండి, బిడ్డ మామూలుగా తినే వరకు ఆగండి. పొక్కులు కనిపించగానే క్లాస్ టీచర్‌కు ఫోన్ చేయండి, పేరు ఎవరికీ చెప్పం. హాజరు తగ్గదు. యూనిట్ టెస్టు మిస్సయితే విడిగా పెడతాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు