సోమవారం నుంచి కీమో

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. కుట్లు పూర్తిగా మానాయి. అన్నం తినగలుగుతున్నాను. సాయంత్రం వీధి చివరి దాకా నడిచి వస్తున్నాను. ఫోనులో ఇంతవరకే చెప్పి పెట్టేస్తున్నాను కనుక మిగిలినది రాస్తున్నాను.

సోమవారం నుంచి కీమో మొదలవుతుంది. పెద్దపేగులోని క్యాన్సర్ గడ్డ మొత్తం తీసేశారు, కోసిన అంచుల్లో వ్యాధి లేదు. అలాంటప్పుడు మళ్లీ మందులెందుకని మీ అమ్మ డాక్టరుగారిని అడిగింది. పేగుతో పాటు, ఒంట్లో ద్రవాన్ని వడకట్టే చిన్న లింఫ్ గ్రంథులు 17 తీశారు, వాటిలో 2 గ్రంథులకు క్యాన్సర్ పాకిందని రిపోర్టులో ఉంది. అందుకే దీన్ని మూడో దశ అన్నారు. అక్కడి దాకా వెళ్లిన కణాలు ఇంకెక్కడైనా దాగి ఉండవచ్చు. అంత చిన్నవి ఏ స్కాన్‌కూ చిక్కవు. ఈ చికిత్స వాటి కోసమే.

ఒక రోజు ఆసుపత్రిలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరంలోకి ఎక్కిస్తారు. తర్వాత ఇంటి దగ్గర 14 రోజులు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, తిన్న అరగంటలోపు కెపాసిటబిన్ మాత్రలు వేసుకోవాలి. ఆపైన 7 రోజులు విరామం. ఇలా 4 విడతలు, అంటే సుమారు మూడు నెలలు. ఇదివరకు ఆరు నెలలు ఇచ్చేవారట. 12 వేల మందికి పైగా రోగుల ఫలితాలను కలిపి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. వ్యాధి నా స్థాయిలో ఉన్నవాళ్లకు ఈ రెండు మందులతో మూడు నెలలు దాదాపు సరిపోతుందనీ, నరాలకు జరిగే హాని బాగా తగ్గుతుందనీ దానిలో తేలింది. ముక్కూమొహం తెలియని అంతమంది పడిన కష్టం వల్ల నాకు మూడు నెలలు తగ్గాయి. వాళ్లను తలచుకోని రోజు లేదు.

ఇక అసలు విషయం. నా జబ్బు భయం నీకు కొత్త కాదు. తలనొప్పి వస్తే మెదడులో గడ్డ అనుకునేవాణ్ణి. కడుపు ఉబ్బరానికి ఛాతీ పట్టేస్తే అర్ధరాత్రి ఈసీజీ తీయించుకునేవాణ్ణి. ఇప్పుడు నా మనసు ఒక వాదన మొదలుపెట్టింది: 'ఇన్నేళ్లూ భయపడ్డావు, చివరికి నిజమైంది కదా, ఇకనుంచి నేను చెప్పిందల్లా విను' అని. దీనికి నేను చాలా రాత్రులు సమాధానం వెతుక్కున్నాను, అమ్మలూ. గుండె, మెదడు, కాలేయం అన్నిటి గురించీ భయపడ్డాను. పెద్దపేగు గురించి ఒక్కసారీ భయపడలేదు. వ్యాధిని పట్టించింది నా భయం కాదు, మామూలు రక్తపరీక్షలో తగ్గిన హిమోగ్లోబిన్. మగవాడికి ఈ వయసులో ఇనుము తగ్గితే రక్తం ఎక్కడ పోతోందో చూడాలని ఆ పరీక్ష చూసిన డాక్టరుగారు పట్టుబట్టి కొలనోస్కోపీకి, అంటే గొట్టపు కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు, పంపారు. కాబట్టి నా భయం కాపలాదారు కాదు. ఉత్త చప్పుడు.

కానీ కీమో సమయంలో ఒంటిని గమనించుకోవడం తప్పనిసరి. రోజంతా ఒంటిని తడుముకునే అలవాటున్నవాడు ఆ హద్దు ఎక్కడ గీయాలి? ఇదే మాట ఆంకాలజిస్టుగారిని, అంటే క్యాన్సర్ డాక్టరుగారిని, అడిగాను. ఆవిడ విసుక్కోకుండా ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, విరేచనాలు మామూలు కంటే రోజుకు 4 సార్లు ఎక్కువైతే, నీళ్లు కూడా నిలవని వాంతులైతే, అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి నొప్పి పెడితే వెంటనే ఫోను చేయాలి. అందులో లేనివి తర్వాతి విడత నాడు అడగవచ్చు.

ఛాతీ నొప్పి కూడా ఆ కాగితంలో ఉంది. ఆ మాత్రల వల్ల కొందరికి గుండె రక్తనాళాలు బిగుసుకుంటాయట. కనుక ఈ మూడు నెలలూ నేను ఛాతీ నొప్పి అంటే 'నాన్నకు మళ్లీ మొదలైంది' అనుకోవద్దు. మీ అమ్మకూ ఇదే చెప్పాను.

మిగతా వాటికి మాత్రం నీ సాయం వేరే విధంగా కావాలి. నేను ఫోను చేసి ఇది అదేనా, అది ఇదేనా అంటే నువ్వు ప్రేమ కొద్దీ 'ఏమీ కాదు నాన్నా' అంటావు. ఆ మాట నాకు గంట సేపు కూడా ఆగదు. మళ్లీ అదే మాట కోసం ఫోను తీస్తాను. ఇకమీదట 'కాగితంలో ఉందా?' అని ఒక్కటే అడుగు. ఉంటే ఆసుపత్రికి పంపు. లేకపోతే పిల్లాడి బడి సంగతులు చెప్పు. భయపడవద్దని మాత్రం అనకు. భయపడుతూనే మాత్ర వేసుకోగలను.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక కొద్ది రోజులు చల్లనివి తగిలితే వేళ్లు జివ్వుమంటాయట. చల్లని నీళ్లు తాగితే గొంతు పట్టేసి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుందట. నిజానికి శ్వాసమార్గం మూసుకుపోదు, అలా అనిపిస్తుందంతే. ముందే చెప్పినందుకు ఆవిడకు దణ్ణం పెట్టాను. తెలియకుండా వచ్చి ఉంటే ఆ రాత్రి నేను ఏమైపోయేవాణ్ణో! బెజవాడ ఎండల్లో కుండనీళ్లు లేకుండా గడపడం కష్టమే, గోరువెచ్చని నీళ్లు అలవాటు చేసుకుంటున్నాను.

ఇంకొకటి. నాకు 58 ఏళ్లకు బయటపడింది కనుక నువ్వూ తమ్ముడూ 40 ఏళ్లు రాగానే కొలనోస్కోపీ చేయించుకోవాలి. తీసిన గడ్డను పరీక్షిస్తే వంశపారంపర్య ఆనవాళ్లు కనబడలేదు. అయినా ఆ పరీక్ష మానవద్దు. కండగా మొలిచే పాలిప్‌లను క్యాన్సర్‌గా మారకముందే అక్కడికక్కడే తీసేస్తారు. ఇది నాన్న భయంతో చెబుతున్న మాట కాదు, డాక్టరుగారు చెప్పి పంపిన మాట.

మొదటి విడతకు సెలవు పెట్టకు, బాబాయి ఉంటాడు. రెండో విడతకు రా. వచ్చేటప్పుడు ఒక జత ఉన్ని చేతి తొడుగులు తీసుకురా. ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీయడానికి కావాలి, ఈ ఎండాకాలంలో ఇక్కడ ఎక్కడా దొరకడం లేదు.

ఆశీస్సులతో,
మీ నాన్న