కానుగ మొక్కలకు బదులు కోనోకార్పస్ నాటినందుకు ఫిర్యాదు

మదనపల్లె,
15-9-2025.

నర్సరీ కంపెనీ యాజమాన్యం వారికి,

విషయం: మా రిట్రీట్ ఆవరణలో 140 కానుగ మొక్కలకు బదులు కోనోకార్పస్ నాటడం, పాలిథిన్ కవర్లు తీయకుండానే గుంతలు పూడ్చడం గురించి.

అయ్యా,

హార్స్‌లీ కొండల దిగువన మా క్రైస్తవ సంఘానికి ఉన్న రిట్రీట్ (ప్రార్థన విడిది) ఆవరణలో నాటడానికి ఈ ఏడాది జూన్ 9న మీ కంపెనీకి 350 మొక్కలకు ఆర్డరు ఇచ్చాము. కానుగ 140, నేరేడు 70, ఉసిరి 60, తెల్లమద్ది 40, చింత 40 అని కాగితం మీద రాసి ఇచ్చి, మొక్కకు 85 రూపాయల చొప్పున 29,750 రూపాయలు ముందుగానే చెల్లించాము. కంచె వెంట కానుగ వరసను మీ కూలీలే నాటాలని, మిగిలిన 210 మొక్కలను శిబిరానికి వచ్చే పిల్లలు నాటుతారని, ఖాళీ కవర్లన్నిటినీ మీరు వెనక్కి తీసుకువెళ్లాలని అప్పుడే ఒప్పుకున్నాము.

ఈ ఆవరణ మాకు ఏమిటో చెప్పకపోతే మా బాధ మీకు అర్థం కాదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో పెద్దలు ఉపవాస కూటములకు, మే నెలలో సండే స్కూల్ పిల్లలు, తొలకరి పడ్డాక యువజనులు ఇక్కడికే వస్తారు. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 వరకు లోకమంతటా అనేక సంఘాలు పాటించే సృష్టి కాలంలో, అంటే దేవుని సృష్టి కోసం ప్రార్థించే రోజుల్లో, మేము ప్రతి శనివారం ఇక్కడ చెట్లకు పాదులు సవరించి, బావి చుట్టూ శుభ్రం చేసి, ఆ తర్వాతే ఆరాధనకు కూర్చుంటాము. తోటను సేద్యపరచి కాచే పని దేవుడు మనిషికి అప్పగించాడని పిల్లలకు నోటితో చెబితే సరిపోదని, గడ్డపార చేతికిచ్చి నేర్పాలని మా నమ్మకం. ఈ మొక్కల డబ్బులో కొంత ఆ పిల్లలు కానుకల డబ్బాల్లో దాచి తెచ్చిన చిల్లర.

జూలై 25న మీ కూలీలు కంచె వరస నాటి వెళ్లారు. మరుసటి రెండు రోజులు జరిగిన శిబిరంలో పిల్లలు తమ వంతు మొక్కలు నాటి, బిల్లులో ఉన్న ప్రకారం కంచె వరసకు కూడా 'కానుగ' అని రాసిన రేకు బిళ్లలు కట్టారు. బిల్లును నమ్మి మొక్కను పరీక్షగా చూడకపోవడం మా వైపు జరిగిన పొరపాటే, దానిని ఒప్పుకుంటున్నాము. సెప్టెంబరు 6న పాదులు చేయడానికి వెళ్లినప్పుడు ఏడో తరగతి చదివే పాప ఒక కొమ్మ పట్టుకొని, "అంకుల్, మా ఇంటి ముందు కానుగాకు ఇట్ల ఉండదు" అంది. ఆ పాప చెప్పింది నిజం. కానుగకు ఒక్కో ఈనెకు ఐదు నుంచి ఏడు వెడల్పాటి ఆకులు జతలుగా వస్తాయి. అక్కడున్నవి ఒంటి ఆకులు, సన్నగా, ఈటె మొనలా కోసుగా ఉన్నాయి. రెండు మొక్కలకైతే గుండీల్లాంటి చిన్న ఆకుపచ్చ కాయలు కూడా పట్టాయి. వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మా సంఘ పెద్ద ఒకరు వచ్చి వరసంతా చూసి, 140 మొక్కలూ కోనోకార్పస్ అని తేల్చారు.

పసుపు తిరిగిన పన్నెండు మొక్కలను అదే రోజు తవ్వి చూశాము. తొమ్మిదింటికి నల్ల కవరు వేరుముద్దకు అలాగే అంటుకొని ఉంది, వేళ్లు బయటికి దారిలేక లోపలే చుట్టలు చుట్టుకున్నాయి. పిల్లలు నాటిన వరసల్లో 210 కవర్లను లెక్కపెట్టి గోతాంలో మూటకట్టి మీ వ్యానులో వేశారు. మీ కూలీలు నాటిన వరస నుంచి ఒక్క కవరు కూడా లెక్కకు రాలేదు. కవరును బ్లేడుతో కోసి, మట్టిముద్ద చెదరకుండా దించడం పదేళ్ల పిల్లలకు ఒక్క పూటలో నేర్పగలిగాము. ఆ మాత్రం పని మీవారు చేయలేదు.

ఫోను చేస్తే మీ సూపర్‌వైజరు, కానుగ దొరకలేదని, ఇవి మేకలు ముట్టవు, ఎప్పుడూ పచ్చగా ఉంటాయి, మీకే మేలని సమాధానం చెప్పారు. మేకలు ముట్టని పచ్చదనం మాకు అక్కరలేదు. కానుగ అయితే ఎండాకాలంలో పూసి తేనెటీగలను పిలుస్తుంది, నేలకు నత్రజని ఇస్తుంది, దాని ఆకు పొలానికి పచ్చిరొట్ట, గింజ నూనెకు పనికొస్తుంది. కోనోకార్పస్ మన నేల చెట్టు కాదు. దాని పుప్పొడి వల్ల ఉబ్బసం, జలుబు ఉన్నవారికి ఇబ్బంది అని, వేళ్లు నీటి పైపులను దెబ్బతీస్తాయని చెప్పి గుజరాత్ ప్రభుత్వం 2023లోనే దీనిని నాటడం నిషేధించింది. హైదరాబాదు రోడ్ల మధ్య హరితహారంలో విరివిగా నాటిన తర్వాత అక్కడ కూడా దీనిపై అభ్యంతరాలు వచ్చాయి. మా కంచెకు ఇరవై అడుగుల దూరంలో తాగునీటి బావి ఉంది, నిద్రశాలలకు వెళ్లే పైపులైను ఆ వరస కిందుగానే పోతుంది. అన్నిటికంటే, కానుగ దొరకకపోతే ఆ మాట జూలైలోనే చెప్పవలసింది. వచ్చే ఏడాది దాకా ఆగేవాళ్లం.

కాబట్టి మీరు ఆ 140 మొక్కలను మీ ఖర్చుతో వేళ్లతో సహా పెకలించి, కవర్లన్నిటినీ ఏరి తీసుకువెళ్లాలి. ఈశాన్య వానలు అయిపోకముందే, అంటే నవంబరు 15లోపు, అవే గుంతల్లో రెండేళ్ల వయసున్న కానుగ మొక్కలు మా కమిటీ సభ్యుల ఎదుట నాటించాలి. అది కుదరకపోతే ఆ మొక్కల ధర 11,900 రూపాయలతో పాటు, పెకలించడానికి అయ్యే కూలి కూడా తిరిగి చెల్లించాలి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాము. ఆర్డరు కాగితం, బిల్లు, తవ్వి తీసిన మొక్కల ఫొటోలు ఈ లేఖకు జతచేశాము.

అక్టోబరు 4న సృష్టి కాలపు ముగింపు ఆరాధనకు పిల్లలు మళ్లీ వస్తున్నారు. తప్పు పేరున్న బిళ్లలను అప్పటికే తీసివేస్తాము. ఆ గుంతల్లో ఏమి రాబోతున్నదో వారికి చెప్పడానికి ఆ తేదీలోపు మీ జవాబు మాకు కావాలి.

ఇట్లు,
కార్యదర్శి,
రిట్రీట్ కమిటీ.