సున్నాలో సగం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం ఉగాదికి ముందే అందింది. ఇంతకాలం జవాబు రాయనందుకు ఎన్ని తిట్లు తిట్టుకున్నా పడతాను. నాన్న మోకాళ్ళు అలాగే ఉన్నాయి, పాప మూడో తరగతికి వచ్చింది, వంటింటి కప్పు ఇంకా కారుతూనే ఉంది. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

అరమార్కు మాస్టారు గుర్తున్నారా? అరసున్నా (ఁ) మరిచిపోతే అర మార్కు కోసేవారు. "సున్నాలో సగం సున్నాయే కదండీ" అని నువ్వు లేచి చెప్పి, ఆ గంటంతా బల్లెక్కి నిలబడ్డావే! నీ మీద ఆయనకున్న కసి ఇన్నేళ్ళకు నా మీద తీరింది.

మొన్న పెట్టె సర్దుతుంటే అమ్మమ్మ జమాఖర్చుల పుస్తకం బయటపడింది. వెనక పేజీల్లో వంటలు. వాటిలో తరవాణి, అదే పులియబెట్టిన గంజి! ఈ ఎండల్లో చల్లగా పుల్లగా తరవాణి అన్నం, పక్కన ఆవకాయ ముక్క... నోరూరింది. "కంపు కొడితే కుండతో పాటు మీరూ వీధిలోకే" అని మా ఆవిడ ముందే చెప్పేసింది.

మొదటి పంక్తిలోనే "మానికెడు బియ్యము". మానిక అంటే ఎంతో నాకేం తెలుసు? కంప్యూటర్ తెరిచి ఆంధ్రభారతి సైటులో వెతికాను. ఒక్క మాట కొడితే బ్రౌను, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం, నిఘంటువులన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయిరా! కాలేజీ లైబ్రరీలో వీటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవారు. తాళంచెవి ఉన్నాయన ఎప్పుడూ టీ తాగడానికి వెళ్ళి ఉండేవాడు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. అక్కడితో ఆగితే బాగుండేది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు పెట్టిన బ్రౌను నిఘంటువులో పడ్డాను. కుంచం అని కొడితే లేదంది, కుంచము అంటే పలికింది. పాపం ఆ దొర 1820లో కడపకు వచ్చి, అప్పులు చేసి మరీ తాళపత్రాలు పోగేశాడు. నేనేమో మంచం మీద బోర్లా పడుకుని, కాణీ ఖర్చు లేకుండా... సరే, తరవాణికి వస్తాను.

అమ్మమ్మ రాసింది: "రాత్రి దాక మూత తీయరాదు." తీయలేదు! పగలంతా కాపలా కాసి, చీకటి పడగానే తీశాను. కలిపాను, వాసన చూశాను, మళ్ళీ కలిపాను. మూడు రోజులు ఇదే భక్తి. నాలుగో నాడు లేచిన కంపుకు పక్కింటావిడ వచ్చి "ఎలుక చచ్చిందా అండీ?" అని అడిగింది. మా ఆవిడ నోరెత్తలేదు, వీధి తలుపు మాత్రం బార్లా తీసి పెట్టింది.

పుస్తకం పేజీ తిప్పితే "దాక కడిగి ఎండబెట్టవలెను" అని ఉంది. ఎప్పటి దాకా కడగాలి? తల తిరిగింది. మా ఇంట్లో కుండ, సట్టి, మూకుడు తప్ప ఇంకో మాట వినలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో శబ్దరత్నాకరం తెరిచాను. 1885లో అచ్చయిన పుస్తకం. పసుపు పచ్చని కాగితాలు, ఎవరో పెన్సిలుతో గీసిన గీత కూడా ఫొటోలో పడింది. దాఁక, అరసున్నాతో, అంటే వరకు. అరసున్నా లేని దాక అంటే మట్టిపాత్ర!

రాత్రిపూట కుండ మూత తీయొద్దందిరా అమ్మమ్మ! నేను ముహూర్తం పెట్టుకుని మరీ రాత్రే తీశాను. ఆవిడ అయిదో తరగతితో చదువు ఆపేసింది, అయినా సరిగ్గానే రాసింది. అరసున్నా లేదని నేనే చూసుకోలేదు. మాస్టారైతే నాకే అర మార్కు...

ఆ చేతిరాత చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. "తీయరాదు" దగ్గర కలం గట్టిగా నొక్కింది, కాగితం అవతలికి గుచ్చుకుంది. ఎవరి కోసం అంత గట్టిగా రాసిందో. అమ్మ కోసమేమో. అమ్మ కూడా నాలాగే...

బడి బస్సు హారను వినిపిస్తోంది, పాప దిగే వేళయింది. కొత్త దాక కొన్నాను, నిన్ననే పోశాను, ఈసారి మూత మీద రాయి పెట్టాను. నువ్వు వచ్చేటప్పుడు