కేసు వేసే గడువు తేదీలు రెండూ రసీదు మీదే రాయించండి

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పని నుంచి తీసేసినవాళ్లు కోర్టుకు వెళ్లే గడువు గురించి రాస్తున్నాను. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో తొమ్మిదేళ్లు ప్యాకింగ్ మెషీన్ మీద పనిచేసినవాణ్ని. 2022 జూన్‌లో ఒక సోమవారం పొద్దున సెక్యూరిటీ అతను నన్ను గేటు దగ్గరే ఆపి, "నీ పేరు లిస్టులో లేదన్నా, లోపలికి పంపొద్దన్నారు" అన్నాడు. నోటీసు లేదు, కాగితం లేదు, లెక్క చూసి చేతిలో పెట్టిందీ లేదు.

లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. చర్చలకు పిలిస్తే కంపెనీ నుంచి ఒక్కోసారి ఎవరూ రారు. వచ్చినా ఒక హెచ్‌ఆర్ కుర్రాడు, "పైవాళ్లను అడిగి చెప్తాం" అని సంతకం పెట్టి వెళ్లిపోతాడు. ఆఫీసరు గారు మర్యాదగానే మాట్లాడారు, ఆయన్ని అనను. ఫైలు నడుస్తోంది కదా అని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. షాపూర్‌నగర్ టీ కొట్టు దగ్గర రిటైరైన యూనియన్ పెద్దాయన ఒకరు, "అర్జీ ఇచ్చి 45 రోజులు దాటితే నువ్వే కోర్టుకు పోవచ్చు కదరా, ఎవరూ చెప్పలేదా?" అన్నారు. అప్పటికే రెండేళ్లు దాటింది. 2024 అక్టోబరులో కేసు వేశాను. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో, పని నుంచి తీసేసిన రోజు నుంచి మూడేళ్ల గడువు ఉంది కాబట్టి బతికిపోయాను.

ఆ మూడేళ్లు ఇప్పుడు లేవు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో గడువు రెండేళ్లే. ఇవాళ నాలాగే గేటు బయట నిలబడి, నాలాగే ఎదురుచూసినవాడి కేసు అసలు తీసుకోరు.

అందుకే అడుగుతున్నాను. అర్జీ తీసుకున్న రోజు ఇచ్చే రసీదు మీద రెండు తేదీలు స్టాంపు వేయించండి: ఎప్పటి నుంచి నేరుగా కేసు వేయవచ్చు, ఎప్పుడు దాటితే కుదరదు. తెలుగులో, ఉర్దూలో, హిందీలో. దీనికి అసెంబ్లీ అక్కర్లేదు, మీ శాఖ సర్క్యులర్ ఒకటి చాలు. ఉమ్మడి రాష్ట్రంలో ఇదే శాఖకు మంత్రిగా చేసి, తర్వాత ముఖ్యమంత్రి అయిన టి. అంజయ్య గారు హైదరాబాద్ ఆల్విన్ ఫ్యాక్టరీలో రోజుకు ఆరణాల కూలీగా మొదలైనవారు. ఆయనైతే ఇది అడిగించుకునేవారు కాదేమో.

ఇంకొకటి. కొత్త కోడ్ ప్రకారం ఇలాంటి కేసులు వినే ట్రిబ్యునల్‌లో ఇద్దరు ఉండాలట, ఒకరు న్యాయ సభ్యులు, ఒకరు పరిపాలన సభ్యులు. ఉద్యోగం తీసేసిన కేసులు ఇద్దరూ కలిసే వినాలి. ఒక్క కుర్చీ ఖాళీ అయినా ఆగేది మా కేసులే. ఆ నియామకాలు ఆలస్యం కానివ్వకండి.

నా కేసు సంగతంటారా, "ఇతను మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి" అని కంపెనీ కోర్టులో జవాబుగా కౌంటరు వేసింది. నా ప్లాస్టిక్ కవరులో ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు ఉన్నాయి. పాస్‌బుక్‌లో మొదటి మూడేళ్లు కంపెనీ పేరు, తర్వాత ఇద్దరు కాంట్రాక్టర్ల పేర్లు. మెషీన్ మాత్రం అదే, షిఫ్టూ అదే. నోటీసు, పరిహారం లేకుండా తీసేయడం తప్పని తేలాలంటే ఏడాదిలో 240 రోజులు పనిచేశానని నేనే రుజువు చేయాలి, హాజరు రిజిస్టరేమో వాళ్ల బీరువాలో ఉంది. తెమ్మని కోర్టు చెప్పింది. వచ్చే వాయిదాకు తెస్తామన్నారు, పోయిన వాయిదాకూ అదే అన్నారు.

ఇట్లు,
ఒక ప్యాకింగ్ ఆపరేటర్,
షాపూర్‌నగర్, హైదరాబాద్