మన హోంస్టేల సంఘం వార్షిక నివేదిక 2025-26: ఇల్లు మనది, మరి నంబర్ ఎవరిది?

అక్కలకి, అన్నలకి, టెంట్లు వేసే తమ్ముళ్ళకి, గెస్టులకి వండి పెట్టే అమ్మలకి, అందరికీ నమస్కారం.

ఈ రిపోర్ట్ మార్చి నెలాఖరుకే మీ చేతికి రావాలి, అందరం పసుపు ఉడకబెట్టే పనుల్లో ఉండిపోయాం కాబట్టి కాస్త లేటయింది. లంబసింగి నుంచి పాడేరు వైపు దాకా మన మెంబర్ల ఇళ్ళలో ఈ ఏడాది ఏం జరిగింది, ఏం జరగలేదు అన్నది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పోయినేడు మీటింగ్‌లో అందరూ ఒకటే మాట అన్నారు, సిగ్నల్ లేదు, టవర్ కావాలి అని. అది న్యాయమైన మాటే. సిగ్నల్ లేని ఊళ్ళకి 4జీ ఇవ్వాలని 2022 జూలైలో కేంద్రం 24,680 ఊళ్ళతో పెద్ద స్కీము ఒకటి ఒప్పుకుంది, 2025 సెప్టెంబర్ 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ కూడా మొదలైంది. మన దగ్గర కొన్ని ఇళ్ళ ముందు ఇప్పుడు ఫోన్‌లో సిగ్నల్ గీతలు కనిపిస్తున్నాయి, కొన్ని ఇళ్ళవాళ్ళు ఇంకా కాఫీ తోట దాటి గట్టెక్కాల్సిందే. టవర్ల కోసం అర్జీలు పెడుతూనే ఉన్నాం, పెడతాం. కానీ సిగ్నల్ వచ్చిన ఇళ్ళల్లో కూడా బేరం పెరగలేదేంటని ఒక్కో ఇంటికీ వెళ్ళి కూర్చుని చూస్తే అసలు సంగతి బయటపడింది.

మన మెంబర్ ఒక అక్క ఉంది, రెండు గదులు, పెరట్లో మూడు టెంట్లు. డిసెంబర్‌లో పక్కవాళ్ళ దగ్గర కార్లు ఆగుతుంటే ఆమె గదులు మాత్రం ఖాళీ. గూగుల్ మ్యాప్‌లో వెతికితే ఆమె ఇల్లు ఉంది, ఫోటోలో ఆమె అరుగు, ఆమె కట్టెల పొయ్యి, పక్కన సిల్వర్ ఓక్ చెట్టుకి పాకిన మిరియాల తీగ కూడా కనిపిస్తోంది. కింద నంబర్ మాత్రం ఎవరో బయట మనిషిది. రెండేళ్ళ కింద గెస్టుగా వచ్చిన కుర్రాడు "ఆంటీ నేను ఆన్‌లైన్‌లో పెడతాను" అని పెట్టాడంట, ఈమె సంతోషంగా భోజనం పెట్టి పంపించింది. అప్పట్నుంచి కాల్స్ అన్నీ అతనికే పోతున్నాయి, అతను తన కమిషన్ ఉన్న క్యాంపులకి పంపించేస్తున్నాడు. అక్క ఫోన్ పట్టుకుని "ఇల్లు నాదే, బొమ్మ నాదే, నంబర్ నాది కాదేటి?" అని అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆ లిస్టింగ్, అంటే మ్యాప్‌లో ఆ ఇంటి వివరాల పేజీ, ఆమె పేరు మీదకి మార్చడానికి చాలా తిరగాల్సొచ్చింది. ముందు ఓనర్‌షిప్ కావాలని రిక్వెస్ట్ పెట్టాం. తర్వాత వీడియో వెరిఫికేషన్, అంటే రోడ్డు, బోర్డు, ఇల్లు అన్నీ కనిపించేలా ఎక్కడా కట్ చేయకుండా ఒకే వీడియో తీయాలి, ఆ ఇల్లు మనదేనని తెలిసేలా తాళం తీసి లోపలికి కూడా వెళ్ళి చూపించాలి. వాళ్ళ పాప ఇంటర్ చదువుతోంది, తనే తీసింది. మొదటిసారి బోర్డు లేదు, రెండోసారి మెట్ల దగ్గర సిగ్నల్ పోయి అప్‌లోడ్ ఆగిపోయింది. బోర్డు పెయింట్ చేయించి, ఇంకా టూరిస్టుల ఫోన్లు లేవకముందే తెల్లారుజామున నాలుగున్నరకి టార్చ్ లైట్ వేసుకుని మళ్ళీ తీస్తే అప్పుడు వెళ్ళింది. ఇప్పుడు కాల్ ఆమెకే వస్తోంది. జనవరిలో సంక్రాంతి సెలవులకి ఆ రెండు గదులూ ఒక్క రోజు కూడా ఖాళీ లేవు.

ఏజెన్సీలో మన భూమి బయటవాళ్ళ చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. మన ఇంటి పేరు, ఫోటో, నంబర్ బయటవాళ్ళ చేతికి పోకుండా మాత్రం ముందు మనమే చూసుకోవాలి. అందుకే ఈ ఏడాది కమిటీ ఒక తీర్మానం చేసింది, మెంబర్ ఇంటికి సంబంధించిన లిస్టింగ్, వాట్సాప్ నంబర్, డబ్బులు పడే స్కానర్, మూడూ ఆ ఇంటి మనిషి పేరు మీదే ఉండాలి, వీలైతే ఇంట్లో ఆడవాళ్ళ పేరు మీద, ఎందుకంటే గెస్టులు ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది, వండేది వాళ్ళే కదా. సంఘం పేరు మీద కూడా పెట్టొద్దనుకున్నాం. సంఘంలో మనుషులు మారతారు.

క్లాసుల సంగతి. మొదట్లో సాయంత్రాలు ఊళ్ళో పెడితే ఎవరూ రాలేదు, తప్పు వాళ్ళది కాదు, ఆ టైంకి పొయ్యి వెలిగించాలి, పశువులు ఇంటికి రావాలి. తర్వాత సంత రోజుకి మార్చాం. రాజ్‌మా, పిప్పలి అమ్ముకోవడానికి ఎలాగూ కిందకి దిగుతారు, అక్కడ సిగ్నల్ కూడా బాగుంటుంది, అమ్మకం అయ్యాక చెట్టు కింద గంటసేపు కూర్చునేవాళ్ళం. ఒక్క రోజుకి ఒక్క పని మాత్రమే. ఒక వారం ఫోటో ఎలా తీయాలి, ఇంకో వారం వాట్సాప్ బిజినెస్‌లో రెడీ జవాబులు ఎలా పెట్టుకోవాలి (కారు ఇంటి దాకా వస్తుందా, వేడి నీళ్ళు ఉంటాయా, బొంగు చికెన్ ఎంత, అందరూ అడిగేవి ఇవే). చదువు రానివాళ్ళకి మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైప్ అవుతుందని చూపించినప్పుడు ఒక పెద్దమ్మ తన పేరు తెర మీద కనిపిస్తే మళ్ళీ మళ్ళీ చెప్పి చూసుకుంది. అయితే కువి మాట్లాడే పెద్దవాళ్ళకి ఈ మైకు పనిచేయలేదు, ఫోన్‌కి ఆ భాష రాదు. వాళ్ళ ఇళ్ళల్లో ఫోన్ సంగతి చూడటానికి స్కూలుకెళ్ళే పిల్లల సాయమే తీసుకుంటున్నాం, దీనికి ఇంతకన్నా మంచి దారి ఇంకా దొరకలేదు.

డబ్బుల దగ్గర ఈ సీజన్‌లో చాలా నేర్చుకున్నాం. శని ఆదివారాలు మంచు చూడటానికి జనం ఒక్కసారిగా ఎక్కేసరికి ఉన్న ఒక్క టవర్ మీద లోడు పడి నెట్ ఆగిపోతుంది, అంటే మనకి డబ్బు రావాల్సిన రోజే స్కానర్ పనిచేయదు. గెస్టు "కొట్టేశానండి" అని స్క్రీన్‌షాట్ చూపిస్తాడు, డబ్బు పడిందని చెప్పే బాక్స్ పలకదు, వెళ్ళిపోయాక చూస్తే పడలేదు. అందుకే ఇప్పుడు మన పద్ధతి ఇది, సగం అడ్వాన్స్ బుకింగ్ అప్పుడే, మిగతాది వాళ్ళు కొండెక్కకముందు కింద సిగ్నల్ ఉన్న చోటనే. స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, బ్యాంక్ మెసేజ్ చూడండి, నెట్ లేకపోయినా మామూలు మెసేజ్ చాలాసార్లు వస్తుంది, అది కూడా బ్యాంక్ పేరుతో వచ్చిందా పది అంకెల నంబర్ నుంచి వచ్చిందా చూసుకోవాలి. ఇంకోటి, డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, ఎప్పుడూ. అడ్వాన్స్ పంపిస్తున్నాం పిన్ కొట్టండి అని ఫోన్ చేసినవాళ్ళ వల్ల మన మెంబర్ ఒకరు నష్టపోయారు. యూపీఐలో మనిషి మనిషిని డబ్బు అడిగే రిక్వెస్టులు 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు గానీ మోసగాళ్ళు కొత్త దారి వెతుక్కుంటారు. జరిగితే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

అక్టోబర్ నెలాఖర్లో మొంథా తుఫాను మచిలీపట్నం కాకినాడ మధ్య తీరం దాటిన వారంలో బుకింగ్‌లు అన్నీ పోయాయి. అప్పుడు ఒక మంచి పని జరిగింది, గెస్టుల నంబర్లు మన దగ్గరే ఉన్నాయి కాబట్టి ఘాట్ రోడ్డు ఎక్కొద్దని అందరికీ ముందే వాయిస్ మెసేజ్ పెట్టగలిగాం, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వకుండా తేదీ మార్చాం, చాలామంది డిసెంబర్‌లో వచ్చారు. మధ్యలో ఏజెంటు ఉండి ఉంటే ఇది కుదిరేది కాదు.

ఆన్‌లైన్ అంటే ఇంకా ఇంకా జనం రావాలని కాదు, ఇది గట్టిగా చెప్తున్నాను. రీల్స్ చూసి వచ్చే జనంతో వంజంగి కొండ ఎలా అయిందో మీ అందరికీ తెలుసు, ప్లాస్టిక్ సీసాలు, తెల్లారేసరికి ట్రాఫిక్. ముందే బుకింగ్ తీసుకుంటే ఎంతమంది వస్తున్నారో తెలుస్తుంది, చోటు అయిపోతే లేదని చెప్పొచ్చు. జనవరి రెండో వారంలో మూడు ఇళ్ళవాళ్ళు అలా లేదని చెప్పారు. వాళ్ళకి సంఘం తరఫున ధన్యవాదాలు.

విదేశీయులు ఎవరైనా మీ ఇంట్లో దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాల ఫారం (ఇదివరకు ఫారం-సి అనేవాళ్ళు) నింపాలి, తెలియకపోతే కమిటీ కుర్రాళ్ళని పిలవండి, మానేయొద్దు. గిరిజన హోంస్టేలకి కేంద్రం ధర్తీ ఆబా పథకం కింద కొత్తగా కట్టుకుంటే 5 లక్షల వరకు, ఉన్నదాన్ని బాగుచేసుకుంటే 3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకి 5 లక్షల వరకు సాయం ఉంది, కావాల్సిన కాగితాలు మీటింగ్‌లో కలిసి రాసుకుందాం.

ఈ ఏడాది చందా డబ్బుతో రెండు పాత ఫోన్లు, ఒక పెద్ద పవర్ బ్యాంక్ కొన్నాం, బోర్డుల పెయింట్‌కి కొంత అయింది, బిల్లులన్నీ పుస్తకంలో అంటించి ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. అనుకుని చేయలేకపోయినవి, ధరల పట్టిక అందరికీ ఒకేలా పెట్టడం, కువి మాటల రికార్డింగులు. రెండూ వర్షాకాలంలో ఖాళీ ఉన్నప్పుడు మొదలుపెడదాం.

మీటింగ్‌కి వచ్చేటప్పుడు మీ ఇంట్లో అంటించిన స్కానర్ ఫోటో తీసుకుని రండి. స్కాన్ చేస్తే ఎవరి పేరు వస్తుందో అక్కడే అందరం కలిసి చూద్దాం, వేరే పేరు వస్తే అదే రోజు మార్చేద్దాం.

మీ సంఘం కార్యదర్శి