పుణెలో ఉన్న నా స్నేహితుడికి, కర్నూలు ఇంటి సంగతి

మామా,

వన్‌టౌన్ ఇల్లు అమ్మకానికి పెడదామని నువ్వు పంపిన మెసేజ్ చూశాను. ఫోన్‌లో తేలే విషయం కాదని తీరిగ్గా కూర్చొని రాస్తున్నా. మీ నాయన పోయాక అమ్మ నీ దగ్గరే ఉంటోంది, నువ్వా పుణె వదిలి వచ్చేది లేదు, వచ్చే బాడుగ రిపేర్లకే చాలడం లేదు. అమ్మాలనుకోవడంలో తప్పేం లేదు. కానీ ఇంటికి తగ్గ ధర రావాలి, కొన్నవాళ్లు రేపు నిన్ను తిట్టుకోకూడదు. ఈ రెండూ జరగాలంటే బోర్డు కట్టకముందే చాలా పని ఉంది.

లోపలంతా టైల్స్ వేయించి, వంటింట్లో మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే ఎట్లా ఉంటుందని అడిగావు. వద్దు. మన దగ్గర పాత ఇల్లు కొనేవాడు ముందు సెంటు ఎంత పలుకుతోందో లెక్క వేస్తాడు. కట్టడానికి ఇచ్చేది ఆ తర్వాతే, అదీ తక్కువే. వంటింటి మీద నువ్వు పోసిన లక్షలు ధరలో తిరిగి రావు. కొన్నాక ఎట్లాగూ వాళ్లకు నచ్చినట్టు మార్చుకుంటారు. వాళ్లు అడిగేవి వేరే ఉంటాయి. నీళ్లకు ఇబ్బందా? మిద్దె కురుస్తుందా? కాగితాలు సరిగా ఉన్నాయా? 2009లో ఇంట్లోకి ఎంత నీళ్లు వచ్చాయి? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే బేరం సగం కుదిరినట్టే.

వరద సంగతే ముందు తీసుకుందాం, నీకు టెన్షన్ అంతా దాని మీదే కదా. ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చిన రోజు కర్నూలులో ఎవరు మర్చిపోతారు? నడవలో బీరువా పక్కకు జరిపితే ఆ బురద గీత ఇప్పటికీ కనిపిస్తుంది. సున్నం మీద సున్నం కొట్టినా చాయగా తెలుస్తూనే ఉంది. దాన్ని పుట్టీ కింద దాచిపెట్టి, ‘మా ఇంట్లోకి నీళ్లు రాలేదు’ అని మాత్రం చెప్పొద్దు. ఏ బ్రోకరైనా ఆ మాట ఎత్తొద్దని సలహా ఇస్తే వినొద్దు. కొనేవాడు వీధి చివర కొట్టు దగ్గర టీ తాగుతూ అడిగితే చాలు, ఎవరింట్లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో వేలు పెట్టి చూపిస్తారు. ఒక్కసారి అబద్ధం బయటపడితే కాగితాల మీదా నమ్మకం పోతుంది. నువ్వే గీత చూపించు. నీళ్లు దిగాక నాయన కింది ప్లగ్గులన్నీ పీకించి నడుమెత్తులో పెట్టించాడు, వైరింగ్ కొత్తది వేయించాడు, అప్పటి నుంచి గోడల్లో ఒక్క పగులూ రాలేదు. ఇవి ఇంటి బలాన్ని చెప్పే మాటలు. నాయన బిల్లులు పారేసే మనిషి కాదు, ట్రంకు పెట్టెలో వెతికించు. దీనివల్ల ధర కొంచెం తగ్గితే తగ్గనీ. అది న్యాయమైన తగ్గింపే.

ఇక మిద్దె. వేపచెట్టు ఆకులు పడి నీళ్లు పోయే తూములు మూసుకుపోయాయి, మూలన నిలిచిన నీళ్లే పడమటి గదిలోకి దిగుతున్నాయి. ముందు పైన బాగు చేయించి, గోడలు బాగా ఆరాకే లోపల రంగు. తడి ఆరకముందే కొడితే నెల తిరిగేలోపు పొంగి పెచ్చులు ఊడతాయి, వచ్చినవాళ్ల చూపు నేరుగా అక్కడికే పోతుంది. రంగు లేతగా ఉండాలి. ముదురు రంగులు పాత ఇంటిని ఇరుకు చేసి చూపిస్తాయి.

హాల్లో బండల్ని మాత్రం ముట్టుకోవద్దు అంటాను నేను. అసలైన బేతంచెర్ల బండలు, ఎండాకాలం మధ్యాహ్నం చాప లేకుండా పడుకునేవాళ్లం వాటి మీద. ఇప్పుడు జిడ్డు పట్టి నల్లగా ఉన్నాయి గానీ మిషన్ పాలిష్ పట్టిస్తే మళ్లీ మెరుస్తాయి. పనివాళ్లు తొందరగా అవుతుందని యాసిడ్ పోస్తామంటారు, ఒప్పుకోవద్దు. అది సున్నపురాయి జాతి. యాసిడ్ తగిలిన చోట తినేసి గరుకుగా, తెల్లగా మచ్చలు పడతాయి. ఆ పని జరిగే రోజు నేనే అక్కడుంటా. టైల్స్ ఎక్కడైనా దొరుకుతాయి, ఇట్లాంటి బండల నేల చూసి ఇల్లు నచ్చే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నీళ్ల సంగతికి పెద్ద పని లేదు. సంపు కడిగించు, బోరు మోటారు ఆన్ చేస్తే వెంటనే నీళ్లు పడేట్టు చూడు, కుళాయి ఏ టైముకు వస్తుందో బాడుగకున్నవాళ్లను అడిగి రాసిపెట్టుకో. వాస్తు చూసేవాణ్ణి వెంటబెట్టుకొని వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం గోడలు కొట్టించక్కర్లేదు, ఈశాన్యం మూలన పేర్చిన పాత తలుపులు, విరిగిన సైకిలు తీయించేస్తే చాలు.

అన్నిటికంటే జాగ్రత్త కాగితాల దగ్గర. స్థలం నాయన సొంత సంపాదన, వీలునామా రాయలేదు. కాబట్టి అమ్మకూ నీకూ బళ్లారిలో ఉన్న అక్కకూ సమాన హక్కు. ముగ్గురూ సంతకం పెట్టాలి. అక్కతో ఫోన్‌లో కాదు, బళ్లారి వెళ్లి ఎదురుగా కూర్చొని మాట్లాడు. ఎవరికెంతో ముందే తేల్చుకోండి. కొనేవాడు అడ్వాన్స్ ఇచ్చాక ఇంటివాళ్ల మధ్య మాట తేడా వస్తే డబ్బు కంటే ముందు మనుషులు దూరమవుతారు. నాయన డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఒరిజినల్ దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (స్థలం అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ప్లాన్, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టు. ఈసీ, అంటే స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. దస్తావేజులో ఉన్న కొలతలు స్థలంతో సరిపోతున్నాయో టేపు పెట్టి చూసుకోవాలి. లోను మీద కొనేవాళ్ల బ్యాంకు లాయరు, ఇంజినీరు వస్తే ఒక్క ఇంటిపేరు అక్షరం తేడాకే వారాలు ఆపుతారు.

బాడుగకున్నవాళ్లకు ఈ మాట మొదట నీ నోటనే తెలియాలి. చిన్నపిల్లలున్న సంసారం, వేళకాని వేళ ఎవరో వచ్చి గదులు చూస్తామంటే వాళ్లకు ఎంత ఇబ్బంది? ఆదివారం ఉదయం అని ఒక సమయం అనుకోండి. ఖాళీ చేయడానికి గడువివ్వు, అడ్వాన్స్ తిరిగిచ్చే తేదీ చెప్పు.

ఫొటోలు ఉదయం ఎండ లోపలికి పడే వేళ నేను తీస్తా, తలుపులు కిటికీలు అన్నీ తెరిచి, ఆరేసిన బట్టలు తీసేసి. వీధి ఫొటో తప్పకుండా ఉండాలి, కారు లోపలికి వస్తుందా అన్నది చాలామందికి మొదటి ప్రశ్న. ప్రకటనలో ‘అద్భుతమైన ఇల్లు’ లాంటి మాటలు వద్దు. ఎన్ని సెంట్లు, ఏ ముఖం, రోడ్డు ఎన్ని అడుగులు, ఎప్పుడు కట్టింది, నీళ్లు ఎట్లా, ధర ఎంత, అంతే. ఆన్‌లైన్‌లో పెడదాం, మన వాట్సాప్ గ్రూపుల్లో పెడదాం, గోడకు బోర్డూ కడదాం. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి పిల్లల చదువుల కోసం వచ్చే కుటుంబాలు వీధులు తిరిగి బోర్డులు చూసే వెతుకుతాయి. బ్రోకరు కావాలంటే ఒక్కరికే చెప్పు. నలుగురికి చెబితే నాలుగు ధరలు బయట తిరుగుతాయి, ఏదో తొందరలో అమ్ముకుంటున్నారని అనుకుంటారు.

ఆషాఢంలో, మూఢంలో ఎవరూ అడ్వాన్స్ ఇవ్వరు కాబట్టి ఆ రోజుల్లో పనులు ముగించి శ్రావణంలో బోర్డు కడదాం. మన దగ్గర వానలు పడేదీ అప్పుడే. పెద్ద వాన వెలిసిన మర్నాడు పడమటి గది పొడిగా చూపిస్తే మిద్దె గురించి ఇంక చెప్పేదేముంది?

డబ్బు విషయంలో ఒకటి రెండు మాటలు. నగదుగా 20,000 రూపాయలు గానీ అంతకుమించి గానీ తీసుకుంటే తప్పే, అడ్వాన్స్ కూడా బ్యాంకు ద్వారానే తీసుకో. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కట్ చేసి మీ పాన్ మీద జమ చేయాలి, అది అగ్రిమెంటులోనే రాయించు. స్థలం 2001 ఏప్రిల్ 1కి ముందే కొన్నదైతే లాభం మీద పన్ను లెక్కకు ఆ నాటి విలువ అవసరమవుతుంది. బేరానికి కూర్చోకముందే ఆడిటర్ని కలువు. అమ్మిన రెండేళ్లలో పుణెలో ఇల్లు కొనే ఆలోచన ఉంటే అదీ చెప్పు, పన్ను తగ్గే దారి ఉంది.

ఈ వారంలో దస్తావేజు జిరాక్సు కొరియర్ చెయ్, ఈసీ తీయిస్తా. మిద్దెకు మేస్త్రీని పిలిపించి ఎస్టిమేట్ వేయిస్తా. అమ్మను మాత్రం ఒకసారి తీసుకొని రా. సంతకాలకు కాదు, అంతకంటే ముందే. దేవుడి గూట్లోవి, ట్రంకు పెట్టెలోవి ఆమె చేత్తోనే తీసుకోవాలి, ఆ పని నేను చేయలేను. మా ఇంట్లోనే దిగండి. చెల్లెమ్మనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

నీ
స్నేహితుడు